వేడిని దాచే ఉప్పు

గత సంచికలో సౌరశక్తితో నీరు కాచే పరికరాలను గురించి వ్రాసినప్పుడు, పగలు దొరికిన వేడిని రాత్రికి ఎక్కడ దాచాలన్న ప్రశ్నను ఒక్క వాక్యంతో దాటవేశాను. మన టౌన్‌షిప్ నుండి ఒక సోదరి ఆ వాక్యాన్నే పట్టుకున్నారు. "వేడిని దాచడం సరే, మే నెలలో ఇంటి కప్పు మీద పడే వేడిని మా మీద పడకుండా ఎక్కడైనా దాచగలరా?" అని ఉత్తరం వ్రాశారు. ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఖరగ్‌పూర్‌లో మా అక్క చాలాకాలంగా ఇదే అడుగుతున్నది. కనుక ఈ నెల శీర్షికను ఆమె ఇంటి కప్పు కిందనే నడుపుతాను.

ఖరగ్‌పూర్ అనగానే మనవారికి ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపడ్డ ప్లాట్‌ఫారమ్ గుర్తుకు వస్తుంది. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారమ్‌ను 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మించిపోయాయి. పేరు పోయినా ఊరు పోలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి పనికై వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ వేల సంఖ్యలో ఉన్నాయి. మా తాతగారు టెక్కలి ప్రాంతం నుండి అలా వెళ్ళినవారే. మా బావగారు అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. క్వార్టరు ఖాళీచేసిన తరువాత కట్టుకున్న రెండు గదుల ఇంటికి సిమెంటు రేకులే కప్పు. విశాఖకు వచ్చేయమని ఎంత చెప్పినా అక్క కదలదు. మే నెల మధ్యాహ్నం ఆ రేకు కింద కూర్చున్నవారికి నడినెత్తిన నిప్పుల కుంపటి పెట్టినట్లే ఉంటుంది. కిందటి వేసవులలో ఒకసారి బావగారికి వడదెబ్బ తగిలి రెండురోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఎయిర్ కండిషనర్ పెట్టిద్దామంటే, కరెంటు బిల్లును పెన్షనుతో పోల్చి చూసి ఆయనే వద్దన్నారు.

ఇక విషయానికి వస్తాను. మంచుగడ్డ కరిగేటప్పుడు దాని ఉష్ణోగ్రత పెరగదు, కాని వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది. దానినే గుప్తోష్ణం అంటారని మన పిల్లలు బడిలోనే చదువుతారు. అయితే మంచు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. మనకు కావలసినది 30 డిగ్రీల చుట్టుపక్కల కరిగే పదార్థం. అటువంటివి ఉప్పులలో ఉన్నాయి. మామూలు తినే ఉప్పు కాదు. తమ స్ఫటికంలో నీటిని ఇముడ్చుకున్న ఉప్పులు. పటిక, మైలుతుత్తం, చాకలి సోడా, భేది ఉప్పు ఈ కోవకు చెందినవే. పొడిగా కనిపించే చాకలి సోడా పలుకు బరువులో సగానికి మించి నీరే ఉన్నదంటే చాలామంది నమ్మరు. అటువంటి ఉప్పును వేడిచేస్తే ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర ఆ నీరు స్ఫటికం నుండి విడివడుతుంది, ఉప్పు తన నీటిలో తానే కరుగుతుంది. చల్లబడినప్పుడు నీటిని మళ్ళీ లోపలికి తీసుకుని, పీల్చిన వేడినంతా బయటకు వదులుతుంది.

వీటిలో మనకు పనికివచ్చేది గ్లాబర్ లవణం, అనగా పది నీటి అణువులను చేర్చుకున్న సోడియం సల్ఫేట్. 17వ శతాబ్దపు జర్మన్ రసాయనవేత్త గ్లాబర్ దీనికి అద్భుత లవణమని పేరు పెట్టాడు. విరేచనాలకు మందుగా వాడినందువల్ల వచ్చిన అద్భుతమది! ఇది 32.4 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఒక కిలో కరగడానికి సుమారు 250 కిలోజౌళ్ళు పడుతుంది; అదే వేడి ఒక కిలో నీటిని 60 డిగ్రీల మేర వేడెక్కించగలదు. ధర కూడా తక్కువే. రాజస్థాన్‌లో డీడ్వానా ఉప్పు సరస్సు నుండి సోడియం సల్ఫేట్ తీస్తారు, విస్కోస్ రేయాన్ కర్మాగారాలలో అది ఉపఉత్పత్తిగా వస్తుంది, డిటర్జెంట్లలో కలుపుతారు.

కాగితం మీద లెక్క ముచ్చటగా వచ్చింది. చదరపు మీటరు కప్పు కింద 10 కిలోల ఉప్పు పరిస్తే 2500 కిలోజౌళ్ళు దాచవచ్చు. అంటే ఉదయం పదిన్నర నుండి సాయంత్రం నాలుగున్నర వరకు, ఆరు గంటలపాటు, ప్రతి చదరపు మీటరు నుండి దిగే వేడిలో సుమారు 115 వాట్లను ఉప్పు మింగుతుంది. పూర్తిగా కరిగేదాకా దాని ఉష్ణోగ్రత 32 దాటదు కనుక గదిలోనివారికి తలపైన కుంపటి ఉండదు. రాత్రి రేకు చల్లబడినప్పుడు ఉప్పు గడ్డకట్టి ఆ వేడిని పైకి, తెరిచిన కిటికీలకు వదిలిపెడుతుంది. మరునాడు మళ్ళీ సిద్ధం. కదిలే భాగాలు లేవు, కరెంటు లేదు.

నేను ఒక మార్చి నెలలో ఆరు అయిదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లలో 44 పాళ్ళ సోడియం సల్ఫేట్, 56 పాళ్ళ నీరు కలిపి, గడ్డకట్టించి, అక్క ఇంటి అటక మీద నిలబెట్టి, ఒక్కొక్క దానిలో థర్మామీటరు గుచ్చి వచ్చాను. మధ్యాహ్నానికి ఉప్పు చక్కగా కరిగింది. రాత్రి పది గంటలకు అటక మీద 27 డిగ్రీలు. క్యాన్లలోనూ 27 డిగ్రీలే, కాని ఉప్పు నీళ్ళలాగానే ఉన్నది. తెల్లవారుజామున నాలుగింటికి అక్క టార్చిలైటు వేసి చూసి, "ఒరేయ్ తమ్ముడూ, నీ ఉప్పుకు నిద్ర పట్టలేదురా" అన్నది.

ఆమె అన్న ఆ నిద్రపట్టని స్థితికి శాస్త్రంలో అతిశీతలీకరణం అని పేరు. గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రతకు దిగినా ద్రవం ద్రవంగానే ఉండిపోతుంది. స్ఫటికం పెరగడానికి ముందుగా ఒక బీజం కావాలి. అది దొరకకపోతే గ్లాబర్ లవణం తన ద్రవీభవన స్థానానికి ఇంచుమించు 15 డిగ్రీలు కిందికి, అనగా 17, 18 డిగ్రీల వరకు దిగినా గడ్డకట్టదు. బోస్టన్ చలిలో ఇది ఒక చిక్కు. మే నెల ఖరగ్‌పూర్‌లో ఇదే తీర్పు. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 26, 27కు దిగడమే గొప్ప. గడ్డకట్టని ఉప్పు దాచిన వేడిని వదలదు, వదలకపోతే మరునాడు కొత్తగా పీల్చుకోలేదు. మొదటి రోజు చేసిన ఉపకారమే చివరి ఉపకారం అవుతుంది.

ఈ బాధ రైల్వేలకు కొత్తది కాదన్న సంగతి తెలిసి నాకు నవ్వు వచ్చింది. 1880ల దశకంలో ఇంగ్లండులో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే వారు చలికాలపు ప్రయాణికుల పాదాల కింద ఉంచేందుకు సోడియం ఎసిటేట్ నింపిన రేకు పెట్టెలు ఇచ్చేవారు. 58 డిగ్రీల వద్ద కరిగే ఆ లవణాన్ని మరుగునీటిలో కాచి బోగీలో పెడితే మామూలు వేడినీటి పెట్టెకంటే చాలా ఎక్కువసేపు వెచ్చదనం ఇచ్చేది. ఒకటే తిరకాసు. పెట్టె చల్లబడినట్లు అనిపించినప్పుడు దానిని బాగా కుదపాలి. అప్పుడు లోపలి ద్రవం గడ్డకట్టడం మొదలుపెట్టి మళ్ళీ వేడెక్కేది. అతిశీతలీకరణానికి ప్రయాణికుని చేతులే మందు అన్నమాట. అటక మీది క్యాన్లను అర్ధరాత్రి లేచి కుదపమని అక్కతో చెప్పే ధైర్యం నాకు లేదు.

దీనికి సరైన మందు కనిపెట్టిన వ్యక్తి మరియా టెల్కెస్. 1900లో బుడాపెస్టులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ శాస్త్రవేత్త 1948లో మసాచుసెట్స్ రాష్ట్రం డోవర్ గ్రామంలో, ఎలినార్ రేమండ్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేయగా, అమీలియా పీబాడీ అనే శిల్పి ఖర్చు భరించగా, పూర్తిగా సూర్యుని వేడితోనే వెచ్చబడే ఇంటిని నిర్మింపజేశారు. ముగ్గురూ మహిళలే కావడం ఆ రోజులలో విశేషం. ఇంటి గోడల మధ్య గదులలో సుమారు 21 టన్నుల గ్లాబర్ లవణాన్ని డబ్బాలలో నింపి పేర్చారు. టెల్కెస్ బంధువుల కుటుంబం అందులో కాపురం పెట్టింది. తొలి శీతకాలాలు బాగానే గడిచాయి. తరువాత డబ్బాలు కారడం మొదలైంది, లోపల లవణం పొరలు పొరలుగా విడిపోయింది, చివరకు ఆ ఇంటికి మామూలు కొలిమి పెట్టవలసి వచ్చింది.

అంతటితో ఆమె వదిలిపెట్టలేదు. గ్లాబర్ లవణపు స్ఫటికాన్ని పోలిన నిర్మాణం మరే పదార్థానికి ఉన్నదా అని వెదకి, బోరాక్స్‌ను పట్టుకుని 1952లో ప్రకటించారు. బోరాక్స్ అంటే మరేదో కాదు, మన కంసాలుల దగ్గర ఉండే వెలిగారమే. దాని స్ఫటికపు కొలతలు గ్లాబర్ లవణపు కొలతలకు చాలా దగ్గర. కరిగిన ఉప్పులోని అణువులు వెలిగారపు పలుకును తమ స్వంత స్ఫటికమే అనుకుని దాని మీద పేరుకుంటాయి. నూటికి మూడు నాలుగు పాళ్ళు కలిపితే చాలు, అతిశీతలీకరణం 15 డిగ్రీల నుండి రెండు నుండి నాలుగు డిగ్రీలకు తగ్గుతుంది. పాలకు తోడు వేసే గృహిణికి దీనిని వివరించనక్కరలేదు. తోడులో ప్రాణమున్నది, వెలిగారంలో లేదు, అంతే తేడా.

ఖరగ్‌పూర్ లెక్కలో ఆ రెండు నుండి నాలుగు డిగ్రీలే ప్రాణం. 32.4 లోంచి నాలుగు తీసినా 28 పైననే గడ్డకడుతుంది. 27 డిగ్రీల రాత్రికి అది చాలును. అదే లెక్కన, పుస్తకాలలో ఎంతో పొగిడే కాల్షియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌ను నేను పక్కన పెట్టాను. అది 29 డిగ్రీల వద్ద కరుగుతుంది. స్ట్రాన్షియం క్లోరైడ్ అనే తోడు వేసినా, రెండు డిగ్రీలు తగ్గితే 27. మన రాత్రికీ దానికీ మధ్య వ్యత్యాసం మిగలదు. పైగా అది ఇనుమునూ అల్యూమినియాన్నీ తినేస్తుంది. పదార్థం మంచిదే, మన ఊరికి మంచిది కాదు.

గోల్‌బజార్‌లో వెలిగారం కొని, క్యాన్లలో కలిపాం. ఆ రాత్రి పదకొండు గంటలకు క్యాన్లు రాళ్ళలా గట్టిపడి, తాకితే గోరువెచ్చగా ఉన్నాయి. నేను విజయగర్వంతో విశాఖకు తిరిగి వచ్చాను. వస్తూ ఉంటే బావగారు, "మొదటిరోజు పని చూసి ఎవరికీ పర్మినెంటు ఇవ్వరు బావా" అన్నారు. ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో కొత్తవారికి పని నేర్పినవారి మాట అది. నెల తిరగకముందే ఫోను వచ్చింది. ఉప్పు గడ్డకడుతూనే ఉన్నదట, కాని మధ్యాహ్నం రెండింటికే చేతులెత్తేస్తున్నదట. క్యాను అడుగున తెల్లటి సున్నపు ముద్దలాంటిది, పైన తేట నీరు కనిపిస్తున్నదట.

ఇది రెండో జబ్బు. డోవర్ ఇంటి ఉప్పుకు పట్టినదీ ఇదే. నూరు కిలోల గ్లాబర్ లవణంలో 44 కిలోల సల్ఫేట్, 56 కిలోల నీరు ఉన్నాయి కదా. 32.4 డిగ్రీల వద్ద ఆ 56 కిలోల నీరు సుమారు 28 కిలోల సల్ఫేట్‌ను మాత్రమే కరిగించుకోగలదు. మిగిలిన 16 కిలోలు కరగక, నీటికంటే చాలా బరువు కనుక అడుగుకు దిగిపోతాయి. ఇంకా వేడిచేస్తే కరుగుతాయేమో అనుకుంటే అదీ లేదు. ఆ ఉష్ణోగ్రత దాటిన తరువాత సల్ఫేట్ నీటిలో కరగడం తగ్గుతుందే కాని పెరగదు. రాత్రి చల్లబడేటప్పుడు అడుగున పేరుకున్న ముద్ద పైభాగం మాత్రమే నీటితో కలిసి స్ఫటికమవుతుంది. ఆ స్ఫటికపు పొర మూతలా అడ్డుపడి కింది సల్ఫేట్‌కు నీటిని అందనివ్వదు. రోజురోజుకూ అడుగున సల్ఫేట్, పైన నీరు పెరుగుతాయి. మధ్యలో పనిచేసే ఉప్పు తగ్గుతుంది. క్యాను ఎంత లోతైతే జబ్బు అంత ముదురుతుంది. నేను అయిదు లీటర్ల క్యాన్లను నిలబెట్టి పెట్టడం నా తప్పేనని ఇక్కడ ఒప్పుకోవాలి.

మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతారు? మజ్జిగ విరిగి నీరు వేరుకాకుండా పట్టి ఉంచడానికి. ఇక్కడా అటువంటి చిక్కదనమే కావాలి. సల్ఫేట్ రేణువు అడుగుకు జారిపోకుండా, తన పక్కనున్న నీటి దగ్గరనే నిలబడాలి. రంపపు పొట్టు, సెల్యులోజు, సిలికా, రకరకాల పాలిమర్లు, బంకమన్నులు, ఎన్నో ప్రయత్నించారు. మన శాఖలో ఎర్తింగు గుంటలు నింపే బెంటొనైట్ మట్టి నాకు బాగా పరిచితం. నీటిలో ఉబ్బి జిగురులా తయారవుతుంది. ఒక బస్తా కొని ఖరగ్‌పూర్‌కు మోసుకుపోయాను. ఉప్పునీటిలో కలపగానే అది ఉబ్బడానికి బదులు తరకలు తరకలుగా విడిపోయి, సల్ఫేట్‌తో పోటీపడి తానే అడుగుకు దిగింది! నూనెబావుల డ్రిల్లింగు రంగంలో పనిచేసిన ఒక మిత్రుడు ఈ కథ విని నవ్వాడు. సముద్రపు నీటితో బావి తవ్వేటప్పుడు బెంటొనైట్ పనికిరాదనీ, అట్టాపుల్గైట్ అనే మరో మట్టి వాడతారనీ వారికి ఎప్పటినుండో తెలుసునట. దాని రేణువులు సూదుల్లా ఉండి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. ఉప్పు వాటిని విడదీయలేదు. టెల్కెస్ కూడా గ్లాబర్ లవణానికి చివరకు ఆ మట్టినే ఎంచుకున్నారు. పక్క శాఖవాడిని ముందే అడిగి ఉంటే ఒక వేసవి నాకు మిగిలేది.

ఆ మట్టి కూడా సర్వరోగ నివారిణి కాదు. వందల సార్లు కరిగించి గడ్డకట్టించినప్పుడు, మట్టి కలిపిన మిశ్రమం కూడా సామర్థ్యాన్ని క్రమంగా కోల్పోతుందని 1980లో ప్రచురితమైన పరిశోధనలు చూపాయి. అందుకే పొరను పలుచన చేయడం మరో ఉపాయం. 1978లో అమెరికాలోని ఎం.ఐ.టి. వారు కట్టిన అయిదవ సౌర భవనంలో గ్లాబర్ లవణ మిశ్రమాన్ని పలుచని సంచులలో నింపి, ఇంటి లోకప్పు పలకలలో అమర్చారు. పలుచని పొరలో సల్ఫేట్ దిగినా ఎంతో దూరం దిగలేదు. వేడి కూడా త్వరగా లోపలికి చేరుతుంది. ఈ ఉప్పులు వేడిని బహు మందకొడిగా ప్రసరింపజేస్తాయి కనుక అది చిన్న లాభం కాదు. ఇటీవలి సంవత్సరాలలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వారు మట్టికి బదులు విద్యుదావేశం గల పాలిమరును కలిపి, గ్రాఫైట్ చేర్చి ఇదే గ్లాబర్ లవణాన్ని చక్కదిద్దారు. స్కాట్లాండులో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం సహకారంతో సునాంప్ అనే సంస్థ సోడియం ఎసిటేట్‌ను పాలిమరుతో స్థిరపరచి, ఇళ్ళలో స్నానపు నీటికి వేడి నిల్వచేసే పెట్టెలు తయారుచేసింది. ఇంగ్లీషు రైళ్ళ పాదాల పెట్టెకు అవి మునిమనవలు.

నేను చేయగలిగినది అంతకంటే మోటుగానే ఉన్నది. పచ్చళ్ళ ప్యాకింగుకు వాడే అల్యూమినియం పొరగల సంచులలో, వెలిగారం, అట్టాపుల్గైట్ కలిపిన ఉప్పును రెండున్నర కిలోల చొప్పున నింపి, వేడి సీలు వేసి, నలభై సంచులను పది చదరపు మీటర్ల గదికి రేకు కింద వైరు మెష్ మీద పడుకోబెట్టాం. మామూలు ప్లాస్టిక్ సంచి పనికిరాదు, దాని గోడ గుండా నీటి ఆవిరి నెమ్మదిగా పోతుంది. నీరు తగ్గితే ఉప్పు లెక్క తప్పుతుంది. మెష్‌కు నూరు కిలోల బరువు మోసే ఊతం ఉండాలని బావగారే పట్టుబట్టి యాంగిల్ ఇనుము వేయించారు. పాఠకులలో ఎవరైనా ప్రయత్నించదలిస్తే ఆ ఊతం సంగతి ముందు చూసుకోవాలి. ఉప్పునూ వెలిగారాన్నీ పిల్లల చేతికి, వంటింటి డబ్బాల దరికి రానివ్వరాదు.

ఫలితం ఎలా ఉన్నదంటే, ఏప్రిల్‌లో బాగున్నది. కాలబైశాఖి గాలివాన వచ్చిన సాయంత్రాలలో సంచులు తొమ్మిది గంటలకే గట్టిపడేవి. మరునాడు మధ్యాహ్నం మూడు దాకా గదిలో తల మీద వేడి తెలిసేది కాదు. మే నెలలో పొడి రాత్రులలో పరవాలేదు. జూన్ మొదట్లో గాలి కదలని, ఉక్కపోత నిండిన రాత్రులలో సగం సంచులే గట్టిపడ్డాయి. ఆ రోజులలో అక్క పాత పద్ధతిలో నేల మీద నీళ్ళు చల్లి, తడిగుడ్డ కిటికీకి కట్టింది. బావగారు మాత్రం ఆ గదిలోనే మధ్యాహ్నపు నిద్ర పోతున్నారు, పక్క గదిలోకి పొమ్మంటే పోరు.

వర్క్‌షాపు అలవాటు ఆయనను వదలలేదు. ప్రతి సంచికి నంబరు వేసి, ఉదయం ఆరింటికి వేలితో నొక్కి చూసి, మెత్తబడినదానిపై సుద్దముక్కతో తేదీ వేసి గీత గీస్తున్నారు. ఈ వేసవి ముగిసేసరికి నలభైలో తొమ్మిదింటి మీద గీతలు పడ్డాయి. అందులో నాలుగు సీలు వద్ద కారినవి, అవి నా పని లోపం. మిగిలిన అయిదింటిని కోసి చూడడానికి, గుడ్డ సంచిలో కట్టించుకుని విశాఖ రైలెక్కాను.